అవతలి గట్టున హారన్లు

కరిల్లా రేవు
1996 మార్చి 4

తమ్ముడు లయల్‌కి,

నీ మోకాలి నొప్పి ఎలా ఉందో తర్వాత అడుగుతాను. ముందు ఇది చెప్పు. నది దాటించే మా పంటును ప్రైవేటు వాళ్ల చేతిలో పెడుతున్నారని నీకు తెలుసా?

శుక్రవారం ఊరి హాల్లో మీటింగు పెట్టారు. రవాణా శాఖ నుంచి టై కట్టుకున్న కుర్రాడొకడు వచ్చాడు. అమ్మడం కాదట, "నిర్వహణ అప్పగించడం" అట. పంటు సర్కారుదే, దాన్ని లాగే ఇనుప తాడు సర్కారుదే, నడిపేది మాత్రం ఎవరు తక్కువకి నడుపుతామంటే వాళ్లట. నాకు కాసేపు నోట మాట రాలేదు. నాకు నోట మాట రాకపోవడం నువ్వెప్పుడైనా చూశావా? మీ బావ క్లెమ్ కూడా చూడలేదట. మీటింగు అయ్యాక ఆ కుర్రాడి దగ్గరికి వెళ్లి ప్రత్యేకంగా థాంక్స్ చెప్పి వచ్చాడు.

నవ్వకు. ఆ పంటు మీదే మనం బడికి వెళ్లాం. దాని మీదే నువ్వు పుట్టావు. అమ్మకి నొప్పులు మొదలై నాన్న ఆస్పత్రికి తీసుకొస్తుంటే, నది సరిగ్గా నడి మధ్యలో, సర్కారు పంటు మీద, ఒక్క పైసా టికెట్టు లేకుండా నువ్వు భూమ్మీద పడ్డావు. భూమ్మీద కూడా కాదు, నీళ్ల మీద. అలాంటివాడివి ముప్పై ఏళ్లుగా లిబరల్ పార్టీ వాళ్లకి ఓటు వేస్తున్నావు. నీకు సిగ్గు లేకపోతే పోనీ, ఆ నదికైనా సిగ్గేసి ఉంటుంది.

ఆస్పత్రి ఇవతలి గట్టున. ద్రాక్షతోటలూ ఫుట్‌బాల్ మైదానమూ అవతలి గట్టున. వంతెన మీదుగా చుట్టి రావాలంటే గంట ప్రయాణం. అలాంటి చోట లాభం చూసుకునేవాడు పంటు నడిపితే మా బతుకేం కావాలి? మీవాళ్లు చేసిన పని ఇది. నువ్వు సమాధానం చెప్పాలి.

క్లెమ్ బాగానే ఉన్నాడు. డాక్టరు వెన్న మానెయ్యమన్నాడు. మానేసి మీగడ మొదలుపెట్టాడు.

మీ అక్క,
ఎల్వా


అడిలైడ్
మార్చి 15

అక్కా,

మోకాలు అలాగే ఉంది. అడిగినందుకు సంతోషం, అంటే అడుగుతానన్నందుకు.

నేను నది మధ్యలో ఎందుకు పుట్టానో నీకు అమ్మ పూర్తిగా చెప్పినట్టు లేదు. నాన్న రేవు దగ్గర కారులో చాలాసేపు ఎదురుచూశాడు. సరంగు అవతల టీ తాగుతున్నాడు. సర్కారు టీ, సర్కారు సమయం, ఎవడు అడుగుతాడు? నా లాంటివాడు నడిపి ఉంటే నేను మర్యాదగా ఆస్పత్రి మంచం మీద పుట్టేవాణ్ణి.

పంటు గేటు తుప్పు పట్టి విరిగిపోతే శాఖ వాళ్లు మనిషిని పంపేసరికి చలికాలం వెళ్లిపోయింది. ఆ సంగతి నువ్వే రాశావు. నా బస్సుకి పొద్దున అద్దం పగిలితే సాయంత్రానికి కొత్తది ఉంటుంది. లేకపోతే ప్రయాణికులు ఇంకొకడి బస్సెక్కుతారు. ఆ భయం ఉంది కాబట్టే నేను పని చేస్తాను. శాఖ కుర్రాడికి ఏం భయం ఉంది చెప్పు?

నేను ఊళ్లో ఉన్న రోజుల్లో ఎన్నికలు గుర్తొస్తున్నాయి. ఓట్లు వేసే బడి గేటుకి ఆ పక్క నువ్వు మీ పార్టీ కాగితాలు పంచుతూ, ఈ పక్క నేను మా పార్టీ కాగితాలు పంచుతూ, సాయంత్రం దాకా ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకునేవాళ్లం కాదు. ఆకలేస్తే మాత్రం ఇద్దరం బావ సాసేజ్‌లు కాల్చే పొయ్యి దగ్గరికే. "సాసేజ్ మీద ఉల్లిపాయలు రెండు పార్టీలకీ సమానం" అనేవాడు. ఆ మనిషి లేకపోతే మనం ఎప్పుడో మాట్లాడుకోవడం మానేసేవాళ్లం.

పని ఒత్తిడి తగ్గగానే వస్తాను. ఎప్పట్లాగే అవతలి గట్టున మూడు హారన్లు కొడతాను. కెటిల్ పొయ్యి మీద పెట్టమని బావకి చెప్పు.

లయల్


కరిల్లా రేవు
ఏప్రిల్ 2

లయల్,

మాంసం కొట్టులో విన్నాను. నా సొంత తమ్ముడి సంగతి నేను మాంసం కొట్టులో వినాల్సి వచ్చింది. డగ్ చాప్స్ కడుతూ, "ఇంకేం ఎల్వా, పంటు మీ ఇంట్లోనే ఉందిగా" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "హైన్రిక్ బస్సులకే కాంట్రాక్టు వచ్చిందటగా" అన్నాడు. నేను చాప్స్ అక్కడే వదిలేసి వచ్చేశాను. 

పోయిన ఉత్తరం రాసేటప్పటికే నువ్వు టెండరు వేసేశావు. అద్దాల గురించీ సరంగు టీ గురించీ కబుర్లు చెప్పావు, ఈ ఒక్క ముక్క చెప్పలేదు. ఈ ఊళ్లో నేను సంతకాల కోసం ఇంటింటికీ తిరిగాను. ఎవడో దొంగ కంపెనీ వస్తోందని భయపెట్టాను. ఆ దొంగ కంపెనీకి మా నాన్న ఇంటిపేరే ఉంది.

క్లెమ్ నీ తరఫున వాదిస్తున్నాడు. "వాడైతే పంటుకి రంగైనా వేస్తాడు" అంటాడు. ఆయనకి ఎవరి మీదా కోపం రాదు, అదొక జబ్బు.

అయితే ఒకటి విను. నేను ఊరుకోలేదు. నిన్న పంటు కోసం మేం పెట్టుకున్న ఊరి సంఘం శాఖ వాళ్లతో కూర్చుంది. కాంట్రాక్టు ఆపలేమని తేలిపోయింది కాబట్టి షరతులు పెట్టాం. పాత సరంగులే ఉండాలి, మెర్వ్‌ని గానీ మిగతా ఇద్దర్ని గానీ తీసెయ్యకూడదు. సర్కారు రోజుల నుంచి ఉన్న నిబంధనల పుస్తకాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించాలి. తప్పినట్టు ఊళ్లో ఎవరైనా ఫిర్యాదు చేస్తే కాంట్రాక్టు రద్దు. ఆ చివరి రెండు వాక్యాలూ నేనే చెప్పి రాయించాను. టై కుర్రాడు చదువుకుని, "మా లాయర్లు కూడా ఇంత గట్టిగా రాయలేరు మేడం" అన్నాడు.

లాభం కోసం ఒక్క మూల కొయ్యడానికి చూడు, నేను నీ అక్కనన్న సంగతి మర్చిపోతాను.

ఎల్వా


అడిలైడ్
ఏప్రిల్ 10

అక్కా,

చెప్పకపోవడం తప్పే. చెబితే నువ్వు రానివ్వవని చెప్పలేదు.

ఇంకో కంపెనీ కూడా టెండరు వేసింది. రాత్రిపూట రేవు గుడిసెలో కాపలాకి సరంగు అక్కర్లేదనీ, పదింటికి పంటు కట్టేస్తామనీ వాళ్ల లెక్క. అది నా చెవిన పడ్డాక నిద్ర పట్టలేదు. నీకు నచ్చినా నచ్చకపోయినా ఆ పంటు నేను పుట్టిన చోటు. ఎవడో ఒకడు తీసుకోక తప్పనప్పుడు నేనే తీసుకుంటే మంచిది అనుకున్నాను. ఇందులో నాకు మిగిలేది పెద్దగా లేదు. ఈ మాట మా పార్టీ వాళ్లతో అనకు, పరువు పోతుంది.

నీ షరతులన్నీ ఒప్పుకుని సంతకం పెట్టాను. నిన్నే వచ్చి సరంగులు ముగ్గురితోనూ మాట్లాడాను. మీ ఇంటికి రాలేదు, భయమేసింది. వాళ్లకి గట్టిగానే చెప్పాను. పుస్తకంలో ఏముందో అదే చెయ్యాలి, సొంత తెలివి వద్దు, ఒక్క తప్పు దొర్లినా ఉద్యోగం ఉండదు, ఎందుకంటే మా అక్క కళ్లలో వత్తులు వేసుకుని చూస్తుంటుంది అని. మెర్వ్ ఏదో చెప్పబోయాడు. వినే ఓపిక లేక, "పుస్తకం" అని ఒక్క మాట అని వచ్చేశాను.

నువ్వు గెలిచావు. పంటు ప్రైవేటుది, బుద్ధి మాత్రం సర్కారుది. ఇప్పుడైనా చాప్స్ తెచ్చుకో.

లయల్


కరిల్లా రేవు
మే 20

తమ్ముడు లయల్‌కి,

మళ్లీ తమ్ముడు అని రాశాను, చూసుకున్నావా. మీ బావ పోరు పడలేక రాశాను.

పంటుకి రంగు బాగుంది. గేటు చప్పుడు లేకుండా పడుతోంది. ఈ రెండు వాక్యాలూ రాయడానికి నాకెంత కష్టమైందో నీకు తెలియదు. ఈ ఉత్తరం ఎవరికీ చూపించకు.

ఫుట్‌బాల్ మొదలైంది. మన కుర్రాళ్లు ఈసారి బాగా ఆడుతున్నారు. మైదానం చుట్టూ కార్లు, కార్లలో జనం, కాళ్ల మీద దుప్పట్లు. మనవాళ్ల గోలు పడ్డప్పుడల్లా అందరూ కలిసి హారన్లు కొట్టడం, చెవులు చిల్లులు పడటం. ఎప్పట్లాగే క్లెమ్ నిచ్చెనెక్కి స్కోరు బోర్డు మీద అంకెలు మారుస్తున్నాడు. నిచ్చెన ఇంకెవరికైనా ఇచ్చెయ్యమంటే, "అంకెలు మార్చేవాడికే ఆట బాగా కనిపిస్తుంది" అంటాడు.

ఒక చిన్న తగాదా వచ్చింది. నీకు తెలుసుగా, ఆట ఉన్న శనివారం మెర్వ్ పంటును అవతలి గట్టునే ఉంచేవాడు, ఆట అయ్యేదాకా. ఊరంతా అక్కడే ఉంటుంది కదా. కుర్రాళ్లలో ఎవరికైనా ఎముక విరిగితే వెంటనే ఇవతలి ఆస్పత్రికి తేవచ్చు. ఇవతల ఎవరైనా కారుతో ఉంటే కాసేపు ఆగేవాళ్లు, ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. తీరా చూస్తే అది పుస్తకంలో లేదట. ప్రతి దాటింపు తర్వాత పంటు, సరంగు గుడిసె ఉన్న గట్టుకే రావాలని ఉందట, అంటే ఇవతలికి. మెర్వ్ మా గుమ్మంలోకి వచ్చి, "ఎల్వా, ఆట రోజు ఒక్కటి వదిలెయ్యమని నువ్వు చెబితే సరిపోతుంది" అన్నాడు. నేను కుదరదన్నాను. ఒక చోట సడలిస్తే నీలాంటివాళ్లు పది చోట్ల సడలిస్తారు. మెర్వ్ మొహం మాడ్చుకుని వెళ్లాడు. పంటు నది దాటి రావడానికి నాలుగు నిమిషాలు ఆలస్యమైతే కొంప మునగదు.

కాబట్టి తమ్ముడూ, నిబంధనలు పెట్టేది మేము, పాటించేది మీరు. దేశమంతా ఇలా నడిస్తే ఎంత బాగుండునో.

వచ్చి వెళ్లు. నీ హారన్ కోసం కెటిల్ ఎదురు చూస్తోందని మీ బావ రాయమన్నాడు.

అక్క


కరిల్లా రేవు
జూన్ 10

లయల్,

క్లెమ్ పోయాడు.

ఫోను చేసి చెప్పమన్నారు అందరూ. నీ గొంతు వినలేను. అందుకే రాస్తున్నాను. ఇది నీకు చేరేలోపు ఇంకెవరైనా చెబుతారు.

శనివారం ఆట మూడో భాగంలో. అంకె పలక చేతిలో పట్టుకుని నిచ్చెన ఎక్కుతున్నాడు. పలక కింద పడింది, తర్వాత ఆయన పడ్డాడు. నేను టీ బల్ల దగ్గరున్నాను. పలక పడిన చప్పుడుకి తిరిగి చూశాను. మొహం బూడిద రంగులో ఉంది. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, "అంకె మార్చలేదు" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

కారులో పడుకోబెట్టి అవతలి రేవుకి తెచ్చాం. పంటు ఊరి వైపు, ఇవతల ఉంది. మాకు కనిపిస్తూనే ఉంది. సోమవారం దాకా వరస సెలవులు కదా, విహారానికి వచ్చినవాళ్ల కారవాన్లు వరసగా ఎక్కుతున్నాయి. పంటును పిలిచే గంట బొత్తాం నొక్కాం. హారన్ కొట్టాం. మా వెనక మైదానంలో ఉన్నవాళ్లు కూడా కొట్టారు, అన్ని కార్లూ కొట్టాయి. ఎవరో నీళ్ల అంచుదాకా పరిగెత్తి జట్టు కండువా తీసి ఊపారు. లయల్, నీ సరంగు టోపీ తీసి మాకేసి ఊపాడు. నేను కళ్లారా చూశాను. టోపీ ఊపి, మళ్లీ కారవాన్ చక్రాలకి అడ్డుచెక్కలు పెట్టుకుంటూ ఉండిపోయాడు. ఒకటయ్యాక ఒకటి.

పంటు వచ్చింది. నడి నదిలో క్లెమ్ చెయ్యి నా చేతిలో బరువెక్కింది. నువ్వు పుట్టిన చోటే, లయల్. దాదాపు ఆ చోటే.

ఇరవై ఏళ్లుగా మెర్వ్ మా ఇంట్లో క్రిస్మస్ భోజనం చేస్తున్నాడు. మనిషిని అలా ఎలా మార్చారు మీరు? కారవాన్ల వాళ్లు ఫిర్యాదు చేస్తారని భయమా? నాకు ఏడుపు రావడం లేదు. గోడ కేసి చూస్తూ కూర్చుంటున్నాను. పక్కింటివాళ్లు భోజనం తెచ్చి పెట్టి వెళుతున్నారు. దాని మీద మూత కూడా తియ్యలేదు.

గురువారం ఖననం. నువ్వు రావద్దు.

ఎల్వా


అడిలైడ్
జూన్ 21

అక్కా,

రావద్దన్నావు. ఖననం రోజు వచ్చాను. అవతలి గట్టుదాకా వచ్చి ఆగిపోయాను. అలవాటుగా హారన్ మీద చెయ్యి పెట్టి, తీసేశాను. బొత్తాం కూడా నొక్కలేదు. కారులో కూర్చుని చర్చి గోపురం కేసి చూస్తున్నాను. ఎవరూ పిలవకుండానే పంటు వచ్చింది. మెర్వ్ దిగి, కారు అద్దం దగ్గర వంగి నిలబడ్డాడు. జరిగింది చెప్పాడు. అతను చెప్పింది చెప్పినట్టు రాస్తాను. నీకు తెలియాలి.

"గోలు పడిందనుకున్నాను, లయల్. హారన్లన్నీ ఒక్కసారి మోగాయి. కండువా ఊపుతున్నారు. మనవాళ్లు ముందుకెళ్లారు కాబోలనుకుని టోపీ ఊపాను. కారవాన్లో ముసలాయన అడిగితే, 'మావాళ్లు గోలు కొట్టారు' అని గర్వంగా చెప్పాను కూడా. రేవు గంట మోగింది, ఎవరో ఇంటికెళ్తున్నారేమో అనుకున్నాను. పోయినేడైతే పంటుతో పాటు నేనూ ఈ గట్టునే ఉండేవాణ్ణి. ఆ గట్టెక్కి ఇటు స్కోరు బోర్డు కేసి చూశాను. గోలు పడితే క్లెమ్ అంకె మారుస్తాడు కదా. ఇంకా మార్చలేదేంటి, ముసలాడు నిద్రపోయాడా అనుకున్నాను. నవ్వుకున్నాను లయల్, నవ్వుకున్నాను."

ఇది చెప్పి పంటు గేటు పట్టుకుని నిలబడిపోయాడు.  ఇద్దరం చర్చి గంట అక్కడి నుంచే విన్నాం.

అతని మీద కోపం పెట్టుకోకు. వాళ్లని భయపెట్టింది నేను. సొంత తెలివి వద్దన్నది నేను. అతను ఏదో చెప్పబోతే వినకుండా కారెక్కింది నేను. సర్కారు మనుషులకి భయం లేదు, అందుకే పని చెయ్యరని నీకు పాఠాలు చెప్పాను. భయం పెట్టి చూపించాను. ఇంతకాలం నేను నమ్మిన మాట అది. 

కాంట్రాక్టు వదిలేస్తున్నానని శాఖకి ఉత్తరం రాసి పెట్టాను. సోమవారం పోస్టు చేస్తాను. ఎవరికిస్తారో నాకు తెలియదు.

బావని చూడలేకపోయాను. బావ లేకుండా మీ ఇంటి గుమ్మం ఎలా ఎక్కాలో నాకు తెలియదు.

నీ తమ్ముడు,
లయల్


కరిల్లా రేవు
జూలై 7

తమ్ముడూ,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో తెలియదు. మొదటిసారి చదివి మెర్వ్ ఇంటికి పరిగెత్తాను. అతను తలుపు తీసి, నన్ను చూసి, వెనక్కి అడుగేశాడు. కొడతాననుకున్నాడేమో. ఇద్దరం మెట్ల మీద కూర్చుని ఏడ్చాం. నాకు అప్పుడే వచ్చింది ఏడుపు.

రెండోసారి చదివినప్పుడు వెతకడం మొదలుపెట్టాను. ఒక మాట కోసం. మళ్లీ మళ్లీ చదివాను. నువ్వు రాయలేదు.

పంటు ఆ రోజు ఇవతల ఎందుకుందో నువ్వు రాయలేదు. అక్షరం పొల్లుపోకూడదని రాయించింది ఎవరు? మెర్వ్ గుమ్మంలోకి వచ్చి ఆట రోజు ఒక్కటి వదిలెయ్యమంటే కుదరదన్నది ఎవరు? నాలుగు నిమిషాలు ఆలస్యమైతే కొంప మునగదు అని నీకు రాసింది ఎవరు? ఆ ఉత్తరం నీ దగ్గరుంది. అందులో నా చేతిరాత ఉంది. చిన్నప్పటి నుంచి వాదనలో నన్ను ఓడించే మాట దొరికితే నువ్వు ఒక్కటి వదిలింది లేదు. అమ్మ సమాధి దగ్గర కూడా వాదించావు. ఇంత పెద్ద మాట దొరికింది, దాన్ని వదిలేసి తప్పంతా నీ మీద వేసుకుని రాశావు.  

నిన్ను గెలవాలని రాయించాను లయల్. పంటు కోసమని అందరికీ చెప్పాను, నేనూ నమ్మాను. నిన్ను గెలవాలని.

శాఖ కుర్రాడికి ఫోను చేశాను. ఆ వాక్యాలు తీసెయ్యమని అడిగాను. "మీరే కదా మేడం అడిగారు" అన్నాడు, మర్యాదగానే. తియ్యాలంటే మళ్లీ మొదటి నుంచీ రావాలట, ఏడాది పడుతుందట. సరేనన్నాను. ఫోను పెట్టేసి మెర్వ్ దగ్గరికి వెళ్లి, శనివారం పంటును అవతలే ఉంచమన్నాను. ఉద్యోగం అన్నాడు. "ఫిర్యాదు చెయ్యాల్సింది ఊళ్లోవాళ్లు, ఊళ్లో ఫిర్యాదు చేసేదాన్ని నేనొక్కదాన్నే. నేను చెయ్యను" అన్నాను.

అందుకని ఆ ఉత్తరం శాఖకి పంపకు. పంపేసి ఉంటే వెళ్లి వెనక్కి తీసుకో. నువ్వు వదిలేస్తే రాత్రి పదింటికి పంటు కట్టేసేవాడు వస్తాడు. నీ దగ్గరే ఉండనీ. పుట్టుకతో లేబర్ పార్టీదాన్నైన నేను ఈ వాక్యం రాస్తానని ఎప్పుడూ అనుకోలేదు. అలాగని నా ఓటు మారిందనుకోకు. వచ్చే ఎన్నికలకి బడి గేటుకి ఆ పక్క నేనే ఉంటాను, ఈ పక్కకి నువ్వు వచ్చి నిలబడు. ఉల్లిపాయలు ఎవరు వేయిస్తారో మాత్రం నాకు తెలియదు.

నిన్న ఆటకి వెళ్లాను. మెర్వ్ పంటును అవతలే కట్టి, గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రెండో భాగంలో మనవాళ్ల గోలు పడింది. మైదానం చుట్టూ కార్లన్నీ ఉన్నాయి. ఒక్క హారన్ మోగలేదు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, వాళ్లంతట వాళ్లే మానేశారు. కార్లు దిగి నిలబడి చప్పట్లు కొట్టారు. అంకె మార్చడానికి ఎవరూ నిచ్చెనెక్కలేదు. నేనే ఎక్కి మార్చాను. ఆయనన్నట్టు అక్కడి నుంచి ఆట బాగానే కనిపిస్తుంది. పంటు కూడా కనిపిస్తుంది.

గుమ్మం ఎలా ఎక్కాలో తెలియదన్నావు. మామూలుగానే ఎక్కు. అవతలి గట్టుకి రాగానే ఆ మూడు హారన్లు మాత్రం కొట్టకు, నేను వినలేను. బొత్తాం నొక్కి కూర్చో, మెర్వ్ వస్తాడు. కెటిల్ నేను పెడతాను.

మీ అక్క,
ఎల్వా